ఇంకో మూర పూలు

గురువారం పొద్దున్న కమరున్నీసా ఇంట్లో టీ కంటే ముందు పూలు రావాలి. టీ ఆలస్యమైతే ఎవరో ఒకరు గొణుక్కుంటారు, అంతే. పూలు ఆలస్యమైతే మాత్రం ఆవిడ వీధిగుమ్మం వదలదు, పొయ్యి మీద పాలు పొంగిపోయినా సరే.

"అత్తమ్మా, పూల మార్తమ్మ నడిచి వస్తుందా, విమానం మీద వస్తుందా? అలా పైకి చూస్తారేంటండీ!" వంటింట్లోంచి కోడలు షిరీన్ వేళాకోళమాడింది. ఆ పిల్లకి ఐదో నెల. వేవిళ్ళు తగ్గాయి గానీ నోరు తగ్గలేదు. పుట్టిల్లు గణపవరం, తండ్రిది చేపల చెరువుల దగ్గర ఐసు వ్యాపారం. లారీల చప్పుడు మీదుగా మాట్లాడడం చిన్నప్పుడే అలవాటైపోయింది.

"ఎండెక్కితే చామంతులు వడలిపోతాయే. వడలిపోయిన పూలు పిల్లాడికెలా పంపిస్తాను?" అంది కమరున్నీసా.

పిల్లాడంటే ఎవరని ఆ ఇంట్లో అడిగేవాళ్ళు ఉండరు. అర్షద్, కమరున్నీసా పెద్దకొడుకు. నాలుగేళ్ళవాడు పచ్చకామెర్లతో పోయాడు. బతికి ఉంటే ఈపాటికి చెవుల దగ్గర తెల్ల వెంట్రుకలు మొదలయ్యేవి. అయినా ఆ ఇంట్లో పిల్లాడంటే వాడే. వాడి తరవాత పుట్టి, వట్లూరు రోడ్డులో ఏసీల రిపేరు షాపు పెట్టుకుని, ఇంకొన్ని నెలల్లో తండ్రి కాబోతున్న జమీర్‌ని మాత్రం ఎవరూ పిల్లాడనరు. వాడు పుట్టినప్పుడే పెద్దవాడు అన్నట్టు పెంచారు.

అర్షద్‌ని తీసుకెళ్ళినరోజు కమరున్నీసా కడుపులో జమీర్ ఉన్నాడు. కడుపుతో ఉన్న మనిషి చూడకూడదని పెద్దవాళ్ళు ఆవిడని లోపలి గదిలో కూర్చోబెట్టారు. వీధి మలుపు దాకా వెళ్ళిన జనం అలికిడి ఒక్కటే ఆవిడకి మిగిలింది. ఆ తరవాతైనా వెళ్ళడానికి లేదు. వాళ్ళ వాడలో ఆడవాళ్ళు ఖబరస్తాన్ గేటు దాటరు. తమ్మిలేరు ఒడ్డున ఉన్న ఆ స్థలం ముందునుంచి ఎన్నోసార్లు రిక్షాలో, ఆటోలో వెళ్ళింది గానీ, కొడుకు గోరీ ఎలా ఉంటుందో ఆవిడ ఎన్నడూ చూడలేదు. చూడలేదు కాబట్టే పూలు పంపేది.

ఆవిడ పూలు కట్టే పద్ధతి కూడా లోకంలో ఎవరికీ లేనిది. అందరూ అరటినారతోనో, నూలుదారంతోనో కడతారు. కమరున్నీసా ఉన్నితో కడుతుంది. భర్త అబ్దుల్ సలాం తివాచీలు నేసినవాడు. ఏలూరు తివాచీకి గిరాకీ ఉన్న రోజుల్లో మొగుడూ పెళ్ళాం ఒకే మగ్గం మీద చెరో పక్కన కూర్చునేవారు. పడుగు దారాలు రెండింటికి ఉన్ని చుట్టి, కిందికి లాగి, కొస కత్తిరించాలి. ఆ ముడి వేళ్ళకి ఒకసారి పట్టుబడితే ఇంకో ముడి పడదు. మగ్గం అమ్మేసి చాలా కాలమైంది. మిగిలిన ఉన్ని ముక్కలు ఎర్రవీ, నీలివీ, పచ్చవీ ఒక గోనెసంచిలో అలాగే ఉన్నాయి. గురువారం గురువారం ఆ సంచి మూతి విప్పి, చామంతినీ గులాబీనీ అదే ముడితో బిగించేది.

కట్టడం అయిపోయాక సలాం వచ్చి చూసి, ప్రతిసారీ ఒకటే మాట అనేవాడు. "ఇంకో మూర కట్టు కమర్."

"నాలుగేళ్ళ పిల్లాడికి ఎన్ని మూరలు కావాలండీ?"

"వాడు పడుకుంటే మంచమంతా వాడిదేగా? గుర్తులేదా?"

ఆవిడ నవ్వుతూ కళ్ళు తుడుచుకుని ఇంకో మూర కట్టేది. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఆయన ఆ పొట్లం పట్టుకుని వెళ్ళి, పొద్దుగూకి మగ్రిబ్ వేళకి ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు. "పెట్టారా?" అంటే, "పెట్టాను" అనేవాడు. అంతకంటే మాట్లాడేవాడు కాదు.

రంజాన్ వెళ్ళిన నెలలోనే ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. మాట పూర్తిగా పోయింది. చూపు మాత్రం చురుగ్గానే ఉంది. హాల్లో మంచం వేశారు. అప్పటినుంచీ పూలు తీసుకెళ్ళే పని జమీర్ మీద పడింది. వాడు మొహం ముడుచుకునేవాడు గానీ, తీసుకెళ్ళేవాడు.

ఆ మధ్యనే మొదలైంది ఆ చప్పుడు.

పోయినవాళ్ళు గురువారం పొద్దుగూకేవేళ గడపదాకా వస్తారని, మావాళ్ళు మమ్మల్ని తలుచుకున్నారా లేదా అని చూసి పోతారని కమరున్నీసా వాళ్ళ దాదీ చెప్పేది. అందుకే ఆ వేళకి ఊదుబత్తి వెలిగించి, అర్షద్‌కి ఇష్టమైన మరమరాల ఉండ ఒకటి చిన్నపళ్ళెంలో గడప దగ్గర పెట్టడం ఆవిడకి అలవాటు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఏమీ వినిపించలేదు, కనిపించలేదు. పిల్లాడు చూసి, సంతోషపడి పోతున్నాడని అనుకునేది. సలాం మంచం పట్టాక, రెండు మూడు వారాలు పోయాక, ఒకనాడు ఆ వేళకి చెప్పులు ఈడ్చిన చప్పుడు వినిపించింది. అర్షద్ తండ్రి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని నట్టింట్లో తిరిగేవాడు, టపా టపామంటూ. అచ్చం అదే చప్పుడు. లేచి వెళ్ళి చూస్తే గుమ్మం పక్కన ఆయన చెప్పులు ఒకటి లోపల, ఒకటి బయట ఉన్నాయి. ఆ చెప్పులు తొడుక్కునే మనిషి హాల్లో మంచం మీద ఉన్నాడు.

"పిల్లి లాగి ఉంటుంది అత్తమ్మా" అంది షిరీన్.

ఆ మరుసటి వారం చెప్పుల్ని అలమారాలో పెట్టింది కమరున్నీసా. అయినా చప్పుడు వచ్చింది. ఆ వారం నుంచీ ఆవిడకి గురువారం అంటే గుండెల్లో రాయి పడ్డట్టుండేది. పిల్లాడు ఏదో అడగడానికి వస్తున్నాడు. ఏం తక్కువైందో చెప్పలేక తిరుగుతున్నాడు.

ఆ పొద్దున్న మార్తమ్మ ఆలస్యంగా వచ్చింది. బుట్ట దించి, చామంతులు కొలిచి పోసింది. మామూలుగా అయితే ఆమె పూలకంటే ముందు కబుర్లు దింపేది. ఆవేళ నోరు విప్పలేదు.

"ఏం మార్తమ్మా, ఒంట్లో బాలేదా?"

"నాకేంటండీ, గుండ్రాయిలా ఉన్నాను." కొంగు ముడి విప్పుతూ ఆగిపోయింది. "కమరమ్మగారూ, ఓ మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఉన్నితో పూలు కట్టేవాళ్ళు ఈ ఊళ్ళో మీరు కాక ఇంకెవరైనా ఉన్నారాండీ?"

కొంగులోంచి తీసి అరుగు మీద పెట్టింది. కాలవ పాచి పట్టిన పూలదండ. చామంతులు కుళ్ళి నల్లబడ్డాయి. నీలి ఉన్ని మాత్రం ఉన్నట్టే ఉంది.

"మా ఇంటి ముందు రేవులో గుర్రపుడెక్కకి చిక్కుకుందండీ. పోయిన నెల కూడా ఓ దండ వచ్చింది, ఎర్ర ఉన్నిది. ఏ పెళ్ళివారిదో అనుకున్నాను. ఇది చూశాక మనసు ఒప్పలేదు. మేం కూడా సమాధుల పండక్కి పూలు పెట్టుకునేవాళ్ళమేగా. ఎవరి పూలు ఎక్కడికి పోవాలో అక్కడికి పోకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసండీ."

కమరున్నీసా ముడి పట్టుకుని చూసింది. చూడక్కర్లేదు, వేళ్ళకి తెలిసిపోయింది.

ఆవిడ అరవలేదు. ఏడవలేదు. మార్తమ్మకి టీ ఇచ్చి పంపింది. పూలు ఎప్పటిలాగే కట్టింది. వద్దనుకుంటూనే, చేతులు ఊరుకోక కట్టింది. కాలవలో తేలిన దండని కడిగి పళ్ళెంలో పెట్టి, సలాం మంచం పక్కన స్టూలు మీద కొత్త దండ పక్కనే ఉంచి, జమీర్ కోసం కూర్చుంది. షిరీన్ ఆ మొహం చూసి వేళాకోళం మానేసి చేపల కూర వైపు తిరిగింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన జమీర్ చెయ్యి కడుక్కుంటూ పళ్ళెం చూశాడు. మొహం పాలిపోయింది.

"ఇన్ని వారాలూ ఎక్కడ పెట్టావురా పూలు?"

"అమ్మీ..."

"కాలవలోనా?"

జమీర్ తువ్వాలు కుర్చీ మీద పడేసి కూర్చున్నాడు. అబద్ధం ఆడతాడేమోనని ఆవిడ భయపడింది. ఆడలేదు. "అవును. వంతెన మీంచి వదిలేసేవాణ్ణి" అన్నాడు.

"ఎందుకురా?"

"గోరీల మీద పూలు పెట్టడం మన దీన్‌లో, మన ధర్మంలో లేదమ్మీ. నేను చదివాను, పెద్దల్ని అడిగాను. పోయినవాళ్ళకి పూల వాసన తగులుతుందా, రంగు కనిపిస్తుందా? అల్లాని వేడుకునే దువా ఒక్కటే వాళ్ళకి అందేది. అన్నయ్య కోసం ప్రతి నమాజులో దువా చేస్తున్నాను. నీకు చెబితే బాధపడతావని చెప్పలేదు."

"దువా నువ్వు చెయ్యి. వద్దన్నానా? నేనూ చేస్తాను." కమరున్నీసా పళ్ళెంలోని దండ మీద చెయ్యి వేసింది. "వాడికి ఆఖరి స్నానం నా చేతులతో చేయించనివ్వలేదు. మొహం చూడనివ్వలేదు. గేటు దాటనివ్వలేదు. నా చేతులు వెళ్ళలేని చోటికి ఆ పూలు వెళ్తున్నాయనుకున్నానురా. నేను ముట్టుకున్నది వాడి మీద ఉంటుందనుకున్నాను. పూలు వాడికి వాసన తగలడానికి కాదు. అమ్మ మర్చిపోలేదని తెలియడానికి."

"మర్చిపోతే కదా!" జమీర్ గొంతు లేచింది. "పుట్టినప్పటినుంచీ వింటున్నాను. అర్షద్ ఇది తినేవాడు, అర్షద్ అలా నవ్వేవాడు. పూలు కట్టేటప్పుడు నేను పక్కన కూర్చుంటే 'అటు పోరా, నలుగుతాయి' అనేదానివి. నాకు జ్వరం వచ్చినా గురువారమైతే ముందు అన్నయ్య పూలే. ఈ ఇంట్లో బతికున్నందుకు నేనే తప్పు చేశానేమో అనిపించేదమ్మీ."

షిరీన్ వంటింటి గుమ్మంలో నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వాడన్నది నిజం. నిజమని ఇన్నాళ్ళూ కమరున్నీసాకి తట్టలేదు.

"నా మీద కోపముంటే నన్ననరా" అంది చివరికి మెల్లగా. "వాడి పూలెందుకు పారేశావు? మొదటివారమైనా వెళ్ళలేదా?"

జమీర్ తల దించుకున్నాడు. "వెళ్ళాను."

"మరి?"

"ఏ గోరీ మీద పెట్టమంటావు అమ్మీ? అన్నయ్యదేదో అక్కడ ఎవరికీ తెలీదు. కాపలా ఉండే తాతని అడిగాను. నేను రెండో తరగతిలో ఉండగా తమ్మిలేరు పొంగింది చూడు, ఆ ఏడు నీళ్ళు లోపలికి వచ్చి పిల్లల వరస మొత్తం తుడిచిపెట్టుకుపోయిందట. పేర్లు రాసిన చెక్కలు కొట్టుకుపోయాయి. తరవాత మసీదు కమిటీవాళ్ళు ఉజ్జాయింపుగా మట్టి పోయించారు. ఏది ఎవరిదో ఆ అల్లాకే తెలియాలన్నాడు. అబ్బాకి ఇదంతా తెలుసు. ఆయన నీకు చెప్పలేదు. ఆయనే చెప్పనిది నేనెలా చెప్పను?"

కమరున్నీసా మంచం వైపు తిరిగింది. సలాం కళ్ళు అప్పటికే నిండిపోయాయి.

"ఏవండీ, నిజమేనా? పిల్లాడి గోరీ లేదా? మరి ప్రతివారం పెట్టాను, పెట్టాను అనేవారు, ఎక్కడ పెట్టారండీ?"

ఆయన గొంతులోంచి ఏదో మూలుగు వచ్చింది. ఎడమచెయ్యి చాపి ఆవేళ కట్టిన దండని మంచం మీదికి లాక్కున్నాడు. పళ్ళతో పట్టుకుని, చేత్తో గుంజి, తెంపేశాడు. ఇంకోసారి తెంపాడు. ఒక్కొక్క పువ్వూ ఉన్ని ముడితో సహా ఊడొచ్చేలా గుంజుతూ దుప్పటి మీద ఎడంగా పడేశాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, అయినా ఆపలేదు. దండ మొత్తం ముక్కలైంది.

పెళ్ళయినప్పటినుంచీ భర్త మీద గొంతెత్తని మనిషి కమరున్నీసా. ఆ మధ్యాహ్నం ఎత్తింది. "మీరూ పారేశారా? మీరూనా? నేను వేళ్ళు నొప్పి పుట్టేలా కడుతుంటే, ఇంకో మూర, ఇంకో మూర అని నాతో కట్టించి, తీసుకెళ్ళి తెంపి పారేసేవారా? ఇద్దరూ కలిసి నన్ను పిచ్చిదాన్ని చేశారు కదండీ! అందుకే వాడు గడప దగ్గర తిరుగుతున్నాడు. వాడికి ఒక్క పువ్వు కూడా అందలేదు, ఒక్కటీ అందలేదు!"

సలాం తల అడ్డంగా ఊపాడు. ఎడమచేత్తో దుప్పటి మీది పూలని చూపించాడు, మళ్ళీ మళ్ళీ చూపించాడు. ఆవిడ చూడలేదు. మొహం కొంగులో దాచుకుంది.

షిరీన్ వచ్చి అత్త భుజం మీద చెయ్యి వేసింది. "అత్తమ్మా, మామయ్యగారు ఏదో చెబుతున్నారండీ. ఇంట్లో కూర్చుని ఏడిస్తే అర్థం కాదు. ఒకసారి వెళ్ళి కళ్ళారా చూసి రండి."

"ఆడవాళ్ళు వెళ్ళే చోటు కాదు షిరీన్" అన్నాడు జమీర్.

కమరున్నీసా కళ్ళు తుడుచుకుంది. దుప్పటి మీది పూలని ఏరి తువ్వాల్లో మూట కట్టింది. "ఎవరైనా అడిగితే మా అమ్మకి చాదస్తం, దారి తప్పి వచ్చిందని చెప్పు. ముసలిదాన్ని, నమ్ముతారు. బండి తియ్యి" అంది.

ఖబరస్తాన్ గేటు దగ్గర వేపచెట్టు కింద కాపలా తాత కూర్చుని ఉన్నాడు. బుర్ఖాలో దిగిన మనిషిని చూశాడు, ఆవిడ చేతిలో మూట చూశాడు. ఒక్క క్షణం ఆగి, మొహం అవతలి వైపుకి తిప్పుకుని బీడీ వెతుక్కున్నాడు. కమరున్నీసా గేటు దాటింది. గతుకుల దారిలో జమీర్ చెయ్యి అందించాడు. ఆవిడ వాడి చెయ్యి పట్టుకుని నడవడం అదే మొదలేమో. ఎప్పుడూ వాడే వెనకాల నడిచేవాడు.

పెద్దవాళ్ళ గోరీలు దాటి, ఏటి గట్టు వైపు వెళితే పిల్లల వరస. చిన్న చిన్న మట్టిగుట్టలు. కొన్నిటి మీద గడ్డి, కొన్నిటి మీద ముళ్ళచెట్లు. పేరు లేదు, గుర్తు లేదు. గాలి కూడా లేదు. ఇంత నిశ్శబ్దంలోనా నా బిడ్డ ఉన్నది అనుకుంది ఆవిడ. వాడికి మాటలు లేకపోతే నిద్ర పట్టేది కాదు.

"ఏది జమీర్?"

"చెప్పాగా అమ్మీ. తెలీదు."

మొదటి గుట్ట దగ్గర ఆవిడ చతికిలబడింది. చెయ్యి మట్టి మీద వేసింది. వేళ్ళకి ఏదో తగిలింది. మట్టిలో సగం కూరుకుపోయిన ఉన్ని ముక్క, వెలిసిపోయిన ఎరుపు. లాగితే వచ్చింది. చివర ముడి ఉంది. ఆవిడ ముడి.

"ఇదే!" అంది. "జమీర్, ఇదేరా! ఇక్కడే పెట్టేవారు! దారం చూడు, మన దారం!"

గుట్టకి మొహం ఆనించబోయి పక్కకి చూసింది. పక్క గుట్ట మీద ముళ్ళకి చిక్కుకుని నీలి ఉన్ని. దాని పక్కదాని మీద పచ్చ ఉన్ని. లేచి ఇంకో దాని దగ్గరికి వెళ్ళింది. గడ్డి తప్పించి చూస్తే అక్కడ ఎర్రవీ, నీలివీ కలిసి ఎన్నో ముక్కలు, కొత్తవాటి కింద పాతవి. వరసలో ఏ గుట్టా వదల్లేదు. ప్రతి గుట్టకీ ఆవిడ ముడి ఉంది. పెద్దవాళ్ళ గోరీల మీద ఒక్క పోగు లేదు.

కమరున్నీసాకి అప్పుడు కనిపించింది, దుప్పటి మీద ఆయన ఎడంగా పడేసిన పూలు. తెంపి పారెయ్యడం కాదది. ఎలా పెట్టేవాడో చూపించాడు. ఏది తన కొడుకుదో తెలియక, తెలియదని భార్యకి చెప్పలేక, ఆయన ప్రతి గురువారం దండని పువ్వు పువ్వుగా తెంపి ఇంతమంది పిల్లలకీ తలా ఒకటి పెట్టాడు. ఇందులో ఎవడో ఒకడు అర్షద్ అయి ఉంటాడు కదా అని పెట్టాడు. ఒక్క గుట్ట వదిలినా అదే వాడిదేమోనని భయపడి పెట్టాడు. ఇంకో మూర అని అడిగింది అందుకు. మంచమంతా ఆక్రమించేవాడని చెప్పి నవ్వించి, ఆ నవ్వు చాటున ఇంత దుఃఖాన్ని ఒక్కడే మోశాడు.

"అయ్యో, ఏమన్నానురా ఆయన్ని! నోరు లేని మనిషిని పట్టుకుని ఎన్ని మాటలన్నాను!" ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుని ఏడ్చింది. ఇన్నేళ్ళ ఏడుపు.

జమీర్ మోకాళ్ళ మీద కూర్చుని ఉన్ని ముక్క చేతిలోకి తీసుకున్నాడు. "ఆరోజు వచ్చినప్పుడు ఈ దారాలు చూశానమ్మీ. మట్టి పట్టి ఉంటే గాలికి కొట్టుకొచ్చిన చెత్త అనుకున్నాను." తివాచీ పని తనతోనే పోవాలని సలాం కొడుక్కి ఆ ముడి నేర్పలేదు. తల్లి చేతి ముడి ఎదురుగా ఉన్నా వాడు గుర్తుపట్టలేకపోయాడు.

కమరున్నీసా మూట విప్పింది. మొదటి గుట్ట మీద ఒక చామంతి పెట్టింది. "వీడు ఏ తల్లి బిడ్డో" అంది. పక్కదాని మీద పెట్టింది. జమీర్ పూలు ముట్టుకోలేదు. వాడి నమ్మకం వాడిది. కానీ తువ్వాలు రెండు చేతులతో పట్టుకుని తల్లి వెంట గుట్ట గుట్టకీ నడిచాడు. ఆవిడ పువ్వు పెట్టినచోటల్లా ఆగి, చేతులు ఎత్తి దువా చేశాడు. ఎవరిదో తెలియని బిడ్డకి ఏమని అడగాలో మొదట తోచలేదు. తరవాత షిరీన్ కడుపులో ఉన్న బిడ్డ గుర్తొచ్చింది. అప్పుడు మాటలు వాటంతటవే వచ్చాయి.

పూలు చాల్లేదు. సలాం మంచం పట్టాక ఇంకో మూర అని అడిగేవాళ్ళు లేక ఆవిడ చిన్న దండే కడుతోంది. గట్టు పక్కన ఉన్న చివరి గుట్టలకి వచ్చేసరికి ఒక్క గులాబీ మిగిలింది. ఆవిడ దాని రేకులు విడదీసి తలా కాసిని పంచింది. ఇన్ని వారాలూ వీళ్ళందరూ ఎదురుచూశారు కాబోలు అనుకుంటే, గడప దగ్గరి చప్పుడు గుర్తొచ్చింది.

ఇంటికి రాగానే ఆవిడ కాళ్ళు కడుక్కుని తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళింది. సలాం ఎడమచేతిని రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకి అద్దుకుంది.

"అందరికీ పెట్టొచ్చానండీ. చివర్లో చాల్లేదు. రేకులు పంచాను" అంది.

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. వరద వచ్చిన ఏడాది నుంచీ బిగబట్టిన ఊపిరి అది. తరవాత పెదవులు వంకర పోయేలా ఏడ్చాడు. ఆవిడ తుడుస్తూనే ఉంది. "నాతో ఒక్కమాట చెబితే ఏం పోయేదండీ? ఇద్దరం ఏడ్చేవాళ్ళం కదా" అంది. అని మళ్ళీ, "చెప్పకపోవడమే మంచిదైందిలెండి. అప్పుడు తట్టుకునేదాన్ని కాదు" అంది.

పొద్దు గూకుతుండగా జమీర్ ఉన్ని సంచి తెచ్చుకుని తల్లి పక్కన చాప మీద కూర్చున్నాడు. "అమ్మీ, ఆ ముడి ఎలా వెయ్యాలో చూపించు" అన్నాడు.

"పూలు పెట్టడం తప్పన్నావుగా?"

"పెట్టేది నువ్వు. నాకు ముడి రావాలి. రేపు నా బిడ్డ అడిగితే చెప్పాలి కదా."

ఆవిడ వాడి వైపు చూసింది. మొహమంతా తడిమి తడిమి చూసింది. "పక్కకి జరిగి కూర్చోరా. ఇంకా దగ్గరికి. ఏమీ నలగవు" అంది. జమీర్ జరిగి కూర్చుని తల ఆవిడ భుజానికి ఆనించాడు. ఆవిడ వాడి వేళ్ళకి ఉన్ని చుట్టి, కిందికి లాగి చూపించింది. మొదటి ముడి జారిపోయింది. రెండోదీ జారిపోయింది.

"ఏసీలు బిగించినంత తేలిక కాదండీ" అని షిరీన్ మామగారికి పాలు పట్టిస్తూ నవ్వింది. మూడోది నిలిచింది.

ఊదుబత్తి వెలిగించి, చిన్నపళ్ళెంలో మరమరాల ఉండ పెట్టుకుని కమరున్నీసా గడప దగ్గరికి వెళ్ళబోతుంటే వినిపించింది. టపా టపా. చెప్పులు ఈడ్చిన చప్పుడు. దాని వెనకే ఇంకేవో అడుగులు, ఉత్త కాళ్ళవి, తేలికైనవి, ఎన్నో. వీధిలో ఎవరూ లేరు. జమీర్ చేతిలో ఉన్ని ఆగిపోయింది. వాడు విన్నాడు. షిరీన్ చేతిలో చెంచా ఆగిపోయింది. మంచం మీద సలాం గుమ్మం వైపు కళ్ళు తిప్పాడు. ఆ కళ్ళలో భయం లేదు. చాలాకాలంగా ఎరిగున్నవాళ్ళని చూసినట్టు చూశాడు.

"అమ్మీ... అన్నయ్యా?" అన్నాడు జమీర్.

"వాడొక్కడే ఎందుకొస్తాడురా? ఇన్నేళ్ళూ అందరూ ఒక్క దండలోంచే తీసుకున్నారు" అంది కమరున్నీసా. వంగి గడపలో కూర్చుంది. పళ్ళెంలోని ఉండని తీసి అరచేతుల మధ్య నొక్కి విరిచింది. విరిచినవాటిని మళ్ళీ విరిచి, ముక్క ముక్కనీ ఎడంగా పళ్ళెంలో సర్దింది.

వెనక్కి తిరిగి చూస్తే సలాం ఎడమచెయ్యి గాలిలోకి చాపి, మోచెయ్యి నుంచి వేళ్ళ కొసల దాకా కళ్ళతో కొలిచి చూపిస్తున్నాడు.

"అలాగేనండీ" అంది ఆవిడ. "వచ్చేవారం ఇంకో మూర కడతాను."